పార్టీ ముద్ర పడకుండా పంచాయతీ లెక్కలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఊరిబావి:

నమస్కారం అండీ. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ మాది. ఎనిమిది మందిమి కలిసి పంచాయతీకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఖర్చు రాసిన పని నేలమీద ఉందా లేదా అన్నది చూసి, ఊరందరికీ అర్థమయ్యేలా గోడమీద పెడదామనుకుంటున్నాం. ఎనిమిది మందిలో రెండు పార్టీలకు ఓటేసేవాళ్లూ ఉన్నారు, ఏ పార్టీ పట్టనివాళ్లూ ఉన్నారు. సర్పంచ్‌ని దించాలన్న ఉద్దేశం లేదు, ఇంకొకరిని నిలబెట్టాలన్న ఉద్దేశమూ లేదు.

ఏ కాగితం ఏ పేరుతో అడగాలో తెలియడం లేదు. "మొత్తం లెక్కలు ఇవ్వండి" అంటే పని జరగదని కొందరు చెప్పారు. రోడ్లూ కాలవలూ కొలవడం మాలో ఎవరికీ రాదు. అన్నిటికంటే పెద్ద భయం, మొదటి కాగితం అడిగిన రోజే "వీళ్లని అవతలి వాళ్లు పంపారు" అనేస్తారేమోనని. గ్రామసభలో గొడవ కాకుండా అడిగే పద్ధతి ఉంటే అదీ చెప్పండి. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా రాస్తే మేలు.

పాతపద్దు:

మీరు విన్నది నిజమే. పంచాయతీ ఆఫీసులో "లెక్కలు" అనే పేరుతో ఏ పుస్తకమూ ఉండదు. అందుకే ఆ మాటతో రాసిన సమాచార హక్కు దరఖాస్తుకి జవాబు రాదు, వచ్చినా పనికిరాదు. కాగితానికి ఆఫీసులో ఏ పేరుందో ఆ పేరే రాయాలి. ఏ పని, ఏ ఆర్థిక సంవత్సరం అన్నది తప్పకుండా ఉండాలి.

దరఖాస్తు కంటే ముందు, ఫోన్‌లోనే దొరికేది చూసుకోండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ తెచ్చింది. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే ఆ ఏడాది అభివృద్ధి ప్రణాళిక, వచ్చిన నిధులు, చెల్లింపులు కనిపిస్తాయి. ఆడిట్ నివేదికలకు ఆడిట్‌ఆన్‌లైన్ అని వేరే పోర్టల్ ఉంది. ఒక జాగ్రత్త: అక్కడ కనిపించేది ప్రధానంగా కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల సంగతి. ఇంటి పన్ను, నీటి కుళాయి రుసుము, సంత వేలం, చెరువు చేపల వేలం లాంటి సొంత ఆదాయం అక్కడ పూర్తిగా ఉంటుందని అనుకోవద్దు. దానికి ఆఫీసు పుస్తకాలే దిక్కు.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం రెండు నిర్ణీత పనులకే కట్టేసి ఇచ్చింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమంది, కానీ జీతాలకూ ఆఫీసు నిర్వహణకూ వాడకూడదంది. ఈ విభజన గుర్తుంటే "మురుగు కాలవలకు డబ్బుల్లేవు" అన్న జవాబు వచ్చినప్పుడు సరైన ప్రశ్న అడగగలరు: పారిశుద్ధ్యానికి కట్టేసిన వాటాలో ఎంత వచ్చింది, ఎంత మిగిలింది?

ఇక కాగితాల పేర్లు. డబ్బు కదలికకు క్యాష్ బుక్, దానికి జతగా ఓచర్లు. నిర్ణయాలకు తీర్మానాల పుస్తకం. ఒక పని గురించి అయితే వరసగా ఇవి ఉంటాయి: పనిని ఆమోదించిన తీర్మానం, అంచనా, పరిపాలనా ఆమోదం, సాంకేతిక ఆమోదం, వర్క్ ఆర్డర్, ఎం-బుక్ అనే కొలతల పుస్తకం, బిల్లు, పని పూర్తి ధ్రువపత్రం. సొంత ఆదాయానికి ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్, రసీదు పుస్తకాల రెండో ప్రతులు, వేలం ఫైలు. బల్బులు, బ్లీచింగ్ పౌడర్, పైపులు కొన్నవాటికి స్టాక్ రిజిస్టర్. ఓచర్‌లో 60 బల్బులు కొన్నట్టుండి స్టాక్ రిజిస్టర్‌లో 40 వచ్చినట్టుంటే, రెండు పేజీలూ పక్కపక్కన పెడితే చాలు, మీరేమీ వ్యాఖ్యానించక్కర్లేదు.

నకళ్ల కంటే ముందు తనిఖీ అడగండి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డును స్వయంగా చూసి నోట్సు రాసుకునే హక్కు ఉంది, మొదటి గంటకు రుసుము లేదు. ఇద్దరు వెళ్లి క్యాష్ బుక్ తిరగేసి, కావలసిన పేజీ నంబర్లు రాసుకుని, ఆ పేజీలకే ధ్రువీకరించిన నకళ్లు అడగాలి. ఏ4 పేజీకి రెండు రూపాయలు. ఇలా చేస్తే మూడు వందల పేజీలకు బదులు పదిహేను పేజీలతో పని అయిపోతుంది. పైగా పని భారం ఎక్కువవుతుందని సెక్షన్ 7(9) చూపించే అవకాశం కూడా వాళ్లకు ఉండదు. ఆ సెక్షన్ సమాచారం ఇవ్వకుండా ఉండటానికి కాదు, ఇచ్చే రూపం మార్చడానికి మాత్రమే. కానీ ఆచరణలో తిరస్కరణకే వాడుతుంటారు.

దరఖాస్తు రుసుము గురించి చాలామంది ఊరికే పది రూపాయలు కడుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5, ఆపై 10 రూపాయలు.

జనం నెల రోజులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడ: క్యాష్ బుక్, తీర్మానాల పుస్తకం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి. ఎం-బుక్ మాత్రం పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ఉంటుంది. కార్యదర్శిని ఎం-బుక్ అడిగితే "మా దగ్గర లేదు" అని రాసేస్తారు. నిజానికి సెక్షన్ 6(3) ప్రకారం ఆ దరఖాస్తును 5 రోజుల్లో ఏఈ కార్యాలయానికి బదిలీ చేయాల్సిన బాధ్యత ఆయనదే. అయినా మీరే మొదటి రోజు రెండు దరఖాస్తులు వేరువేరుగా పెడితే ఆ వాదనే అక్కర్లేదు.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి. అది లేకపోతే తర్వాత అప్పీలుకు కాలు మోపే చోటు ఉండదు.

కొలటేపు:

రోడ్డు కొలవడం గురించి అడిగారు. కావలసినవి 30 మీటర్ల టేపు, చిన్న స్టీలు స్కేలు, పలుగు, ఒక నోటుబుక్కు, ఫోటోలకు ఫోను. ముగ్గురు చాలు: ఇద్దరు టేపు పట్టుకోవడానికి, ఒకరు రాయడానికి.

కొత్తవాళ్లు మొదట చేసే పొరపాటు, అంచనాను నేలతో పోల్చడం. అంచనాలో 120 మీటర్లు ఉండి నేలమీద 105 ఉంటే వెంటనే తప్పు దొరికిందనుకుంటారు. బిల్లు చెల్లించేది ఎం-బుక్‌ను బట్టి. స్థలం దొరక్క 105 మీటర్లే వేసి, ఎం-బుక్‌లో 105 రాసి, 105కే బిల్లు ఇస్తే అక్కడ ఏ తప్పూ లేదు. పోల్చాల్సింది ఎం-బుక్‌నూ నేలనూ. అంచనా మీకు వేరే పనికి కావాలి: కాంక్రీటు గ్రేడు ఎంత, కింద గ్రావెల్ పొర ఎంత మందం, పైన కాంక్రీటు ఎంత మందం అన్నది అందులో ఉంటుంది.

లెక్క ఇలా వేయండి. 120 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అయితే 120 × 3 × 0.15 = 54 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం20 గ్రేడుకి ఘనపు మీటరుకి సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది, అంటే 430 బస్తాల చిల్లర. అదే మందం 10 సెంటీమీటర్లే ఉంటే కాంక్రీటు 36 ఘనపు మీటర్లు. తేడా 18 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 140 బస్తాలు. పొడవు, వెడల్పు ఎవరైనా కొలుస్తారని అందరికీ తెలుసు. అందుకే తేడా వస్తే చాలావరకు మందంలోనే వస్తుంది.

మందం చూడటానికి రోడ్డు అంచు పక్కన మట్టి పలుగుతో తీసి, కాంక్రీటు అడుగు వరకు స్కేలు పెట్టాలి. 15–20 మీటర్లకొకటి చొప్పున రెండు వైపులా కొలిచి, స్కేలు కనిపించేలా ఫోటో తీయండి. కొలిచాక మట్టి మళ్లీ పూడ్చేయాలి, లేకపోతే వానకి అంచు కింద మట్టి కొట్టుకుపోయి మీ వల్లే రోడ్డు విరిగిందంటారు. ఇది జరిగే విషయమే.

కానీ అంచు మందం ఒక్కటే నమ్మొద్దు. చెక్కలు బిగించిన అంచుల్లో పూర్తి మందం పోసి, నేలను నడుమ ఎత్తుగా వదిలేస్తే మధ్యలో కాంక్రీటు పలచగా ఉంటుంది. అది పైకి కనపడదు. దాన్ని తేల్చేది రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి చూసే కోర్ కటింగ్ మాత్రమే, అది నాణ్యతా విభాగం చేయాలి. మీరు అడగగలిగేది ఆ పరీక్ష నివేదిక, దాంతోపాటు క్యూబ్ పరీక్ష నివేదిక. 15 సెంటీమీటర్ల ఘనాకారపు ముక్కల్ని 28 రోజుల తర్వాత నొక్కి చూస్తారు. ఎం20 అంటే ఆ రోజుకి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని. ఫైలులో ఆ నివేదిక లేకపోవడం కూడా ఊరికి చెప్పాల్సిన సంగతే.

నా గట్టి అభిప్రాయం: అయిపోయిన రోడ్డు కొలవడం కంటే జరుగుతున్న పని దగ్గర నిలబడటం పది రెట్లు మేలు. కాంక్రీటు పోసేముందు గ్రావెల్ పొర తడిపి రోలర్ తొక్కించారా, మందం చూపే చెక్క ఎంత ఎత్తుంది, పోశాక నీళ్లు ఎన్ని రోజులు కట్టారు? మామూలుగా కనీసం 7 రోజులు, మండే ఎండల్లో 10 రోజులు తడి ఆరకూడదు. మూడో రోజుకే ఆరబెట్టిన రోడ్డు మందం సరిగ్గా ఉన్నా పైపొర రాలిపోతుంది. నాలుగైదు మీటర్లకొకటి అడ్డంగా కోత పెట్టకపోతే పగులు దానికిష్టమైన చోట వస్తుంది. ఇవన్నీ అప్పటికప్పుడు మేస్త్రీకి మర్యాదగా చెప్తే సరిదిద్దుకునే వీలుంటుంది. ఆరు నెలల తర్వాత చెప్తే తగువు తప్ప రోడ్డు బాగుపడదు.

ఇంకో సంగతి, ఒకే వీధికి రెండు పేర్లు. "రామాలయం నుంచి బడి వరకు" అని ఒక పనిలో, "బడి నుంచి ఫలానావారి ఇంటి వరకు" అని ఇంకో పథకంలో రాసి ఉంటుంది. ఊరి పటం చేత్తో గీసుకుని, ఐదేళ్ల పనులన్నీ మొదలు, చివర గుర్తు పెట్టుకుంటూ రంగు పెన్సిలుతో గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోటే ఫైళ్లు తెప్పించాలి.

గట్టుమీద:

పార్టీ ముద్ర గురించి రాస్తాను, ఎందుకంటే మంచి బృందాలు చెదిరిపోయేది ఎక్కువగా ఇక్కడే. "మాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు" అని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. మీరు పని ఎంచుకునే పద్ధతి చూసి నమ్ముతారు.

అందుకని పనుల్ని మీరు ఎంచుకోవద్దు, చీటీలు తీయండి. గత ఏడెనిమిది ఏళ్ల పనుల జాబితా తీసుకుని ఒక్కో పనికి ఒక్కో చీటీ రాయండి. ఆ కాలంలో ఇప్పటి సర్పంచ్ పనులూ, అంతకుముందు సర్పంచ్ పనులూ, ప్రత్యేకాధికారి పాలన ఉంటే ఆ పనులూ అన్నీ వస్తాయి. రచ్చబండ దగ్గర పదిమంది ముందు ఒక పిల్లవాడి చేత మూడు చీటీలు తీయించండి. ఏ పని వచ్చిందో అక్కడే బోర్డు మీద రాసేయండి. ఇక "ఆ రోడ్డే ఎందుకు పట్టుకున్నారు" అన్న ప్రశ్నకు చోటుండదు.

తర్వాత రాతపూర్వకంగా నియమాలు పెట్టుకుని ఎనిమిది మందీ సంతకాలు చేయండి. పార్టీ పదవిలో ఉన్నవాళ్లు బృందం తరఫున మాట్లాడకూడదు. ఏ ఎన్నికలోనైనా పోటీ చేయాలనుకున్నవాళ్లు ఆ ఆలోచన వచ్చిన రోజే తప్పుకోవాలి. కాంట్రాక్టర్ల దగ్గర, నాయకుల దగ్గర టీ ఖర్చు కూడా తీసుకోకూడదు. జిరాక్సుల ఖర్చు మీరే పంచుకుని, ఆ చిట్టా కూడా మీ నివేదిక పక్కనే అంటించండి. ఊరి లెక్క అడిగేవాళ్లు తమ లెక్క ముందు చూపించాలి కదా.

ఏం దొరికినా ప్రచురించకముందు సర్పంచ్ గారికీ, కార్యదర్శి గారికీ రాతలో ఇచ్చి 7 రోజులు గడువు ఇవ్వండి. వాళ్ల జవాబు వస్తే యథాతథంగా మీ అంకెల పక్కనే పెట్టాలి. చాలాసార్లు ఆ జవాబులో మీకు తెలియని కాగితం బయటపడుతుంది, మీ పొరపాటు మీకే ముందు తెలుస్తుంది. కొలతలు సరిపోయిన పని ఉంటే దాన్ని కూడా అంతే పెద్ద అక్షరాల్లో రాయండి. తప్పులు మాత్రమే గోడెక్కితే మూడో నెలకే మీ మీద ముద్ర పడుతుంది, అప్పుడు దాన్ని తప్పని అనలేం.

భాష విషయంలో కఠినంగా ఉండండి. "ఎం-బుక్‌లో 120 మీటర్లు ఉంది, ఫలానా తేదీన కొలిస్తే 104 వచ్చింది" అక్కడితో ఆపాలి. "తిన్నారు" అన్న మాట రాస్తే అది మీరు నిరూపించాల్సిన ఆరోపణ అవుతుంది. భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం నేరమే, సెక్షన్ 356. అంకెలు రాసినవాళ్లకు కాగితమే సాక్షి. వాట్సాప్ గ్రూపు పెడితే అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి. ఒక్క పార్టీ వీడియో అందులో తిరిగిందంటే ఏడాది పని పోయినట్టే.

సర్పంచ్ ఎన్నికలు రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జెడ్పీటీసీలకే పార్టీ గుర్తులు. ఎవరైనా మిమ్మల్ని ఏదో ఒక పక్షంలో నిలబెట్టాలని చూస్తే ఈ మాట గుర్తు చేయండి. పంచాయతీని పార్టీకి దూరంగా ఉంచాలన్న ఆలోచన ఆ ఏర్పాటులోనే ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఫలితాల దాకా కొత్త నివేదికలేవీ పెట్టొద్దు. ఇది చట్టం చెప్పింది కాదు, నా సలహా. పాతవి గోడమీద ఉండనివ్వండి.

రచ్చబండ:

పాతపద్దు గారు చెప్పినవన్నీ సరైనవే, కానీ వరస నేనైతే మారుస్తాను. చిన్న ఊరిలో మొదటి అడుగు సమాచార హక్కు దరఖాస్తు అయితే కార్యదర్శి ఆ రోజు నుంచే మిమ్మల్ని ఫిర్యాదుదారుల కింద జమకడతారు. గ్రామసభతో మొదలుపెట్టి, అక్కడ దొరకనిదానికి దరఖాస్తు పెట్టండి.

గ్రామసభ ఎవరి దయా కాదు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243ఎ అధికరణం కింద అది ఉంది, ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ దానిలో సభ్యులే. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994, సెక్షన్ 6 ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, చేపట్టబోయే పనుల వివరం దాని ముందు పెట్టాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి పెట్టాలి.

సభకు వారం ముందే మీ ప్రశ్న కాగితం మీద రాసి కార్యదర్శికి ఇచ్చి, రెండో ప్రతిపై సంతకం తీసుకోండి. సభలో అప్పటికప్పుడు అడిగితే "పుస్తకం తేలేదు" అంటారు. ముందే ఇస్తే ఆ మాట అనడం కష్టం. ఎనిమిది మందీ ఒకేచోట కూర్చోవద్దు, ఒక్కొక్కరు ఒక్క ప్రశ్నే అడగాలి. "వీధి దీపాలకు ఈ ఏడాది ఎంత ఖర్చయింది, ఎన్ని కొన్నారు, ఎన్ని వెలుగుతున్నాయి" లాంటి అంకెతో జవాబు చెప్పగలిగే ప్రశ్నలు. "అవినీతి ఎందుకు జరుగుతోంది" అని అడిగితే అరుపులే మిగులుతాయి. ఆడవాళ్లు అడిగిన నీళ్ల ప్రశ్న, బడి ప్రశ్న సభలో అందరూ వింటారు. స్వయం సహాయక సంఘాల వాళ్లను ముందే కలుపుకోండి, సభ సమయం కూడా కూలి పనుల వేళకి అడ్డురాకుండా పెట్టమని అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది సంతకం. సభ అయ్యాక, ఒక్కోసారి సభే లేకుండా, తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకండి. తీర్మానం రాశాకే, కింద ఖాళీ లేకుండా గీత కొట్టించి, తేదీ వేసి పెట్టండి. మీ ప్రశ్న, దానికి వచ్చిన జవాబు పుస్తకంలోకి ఎక్కాయా లేదా అక్కడే చదివించుకోండి. పుస్తకంలోకి ఎక్కని మాట సభలో జరగనట్టే లెక్క.

నీళ్లట్యాంకు:

రోడ్ల మీద ఎక్కువ మాట్లాడారు, నేను ఒక చిన్న లెక్క ఇస్తాను. రోజూ జరిగే ఖర్చు ఇలాంటి వాటిలోనే ఉంటుంది. 60,000 లీటర్ల ట్యాంకుకి లీటరుకి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేయాలనుకుంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 25 శాతం ఉందనుకుంటే 480 గ్రాములు, అంటే ట్యాంకు నింపిన ప్రతిసారీ అరకిలో దగ్గర. రోజుకొకసారి నింపితే 25 కిలోల బస్తా ఏడు వారాలు వస్తుంది. ఏడాదికి ఏడు బస్తాల పైచిలుకు. మీ ట్యాంకు కొలత వేసి, స్టాక్ రిజిస్టర్‌తో పోల్చండి. మురుగు కాలవల్లో చల్లడానికి వాడినది వేరుగా రాయాలి, ఆ రెండూ కలిపి రాస్తే లెక్క తేలదు.

తక్కువ కొన్నా ప్రమాదమే. కుళాయి చివరి ఇంటి దగ్గర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్‌తో అక్కడే చూడొచ్చు. మూత తీసి ఉంచిన పాత బస్తాలో క్లోరిన్ ఎగిరిపోతుంది కాబట్టి సరిపడా వేసినా చివరి ఇంటికి సున్నా వస్తుంది. అది దొంగతనం కాదు, నిల్వ లోపం. ముందు దాన్ని సరిచేయించండి.

ఊరిబావి:

అందరికీ ధన్యవాదాలు. చీటీల పద్ధతి మా వాళ్లందరికీ నచ్చింది. గ్రామసభ ఇప్పట్లో లేదు కాబట్టి తనిఖీకి దరఖాస్తు ఒకటి రాశాం. తప్పులుంటే చెప్పండి.

"పంచాయతీ కార్యదర్శి మరియు పౌర సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద కోరుతున్న సమాచారం: (1) 1-4-2024 నుంచి 31-3-2025 వరకు క్యాష్ బుక్, ఓచర్లు, స్టాక్ రిజిస్టర్ తనిఖీకి తేదీ, సమయం. (2) అదే కాలానికి తీర్మానాల పుస్తకం నకళ్లు. (3) చీటీలో వచ్చిన సీసీ రోడ్డు పని ఎం-బుక్. (4) రెండో వార్డు మురుగు కాలవ పని ఎందుకు ఆగిపోయింది? (5) పింఛన్లు పొందుతున్నవారి జాబితా, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో. ఇట్లు, గ్రామ పౌర బృందం."

పాతపద్దు:

రచ్చబండ గారి వరస మీకు కుదిరేదైతే అదే మంచిది, ఒప్పుకుంటాను. సభ దూరంగా ఉంది కాబట్టి తనిఖీ దరఖాస్తు పెట్టడంలో తప్పులేదు. దీన్ని ఇలా మార్చండి.

సంతకం బృందం పేరుతో పెట్టకండి. చట్టం హక్కు ఇచ్చింది పౌరుడికి, కాబట్టి ఒక మనిషి పేరు, చిరునామా ఉండాలి. సంఘం పేరుతో ఉందని తిప్పి పంపడం మామూలే. ఎందుకు అడుగుతున్నారో రాయక్కర్లేదు, సెక్షన్ 6(2) ప్రకారం కారణం అడగకూడదు.

మూడోది తీసి ఏఈ కార్యాలయానికి వేరే దరఖాస్తు చేయండి. దాంట్లో క్యూబ్ పరీక్ష నివేదిక కూడా కలపండి.

నాలుగోది అలా పనికిరాదు. సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే రికార్డులో ఉన్నది. "ఎందుకు" అంటే అధికారి కొత్తగా వివరణ రాయాలి, అది ఆయన బాధ్యత కాదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. "రెండో వార్డు మురుగు కాలవ పని ఫైలులోని నోట్ షీటు, ఉత్తరప్రత్యుత్తరాలు, ఇప్పటివరకు చెల్లించిన బిల్లుల నకళ్లు" అని రాయండి. ఎందుకు ఆగిందో, ఫైలులో అధికారులు రాసుకున్న ఆ నోట్ షీటే చెప్తుంది.

అయిదోది పూర్తిగా తీసేయండి. ఆధార్, ఖాతా నంబర్లు అడగడం తప్పు, అవి మీ చేతికి రావడమే ప్రమాదం. వ్యక్తిగత సమాచారం గురించిన సెక్షన్ 8(1)(జె)ని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మార్చేసింది, 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇదివరకు ఆ సెక్షన్‌లోనే ఉన్న ప్రజా ప్రయోజనం మాట ఇప్పుడు లేదు. అయితే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) అలాగే ఉంది. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు అడగకుండానే ప్రకటించాలనే సెక్షన్ 4(1)(బి) కూడా అలాగే ఉంది. కాబట్టి "సెక్షన్ 4(1)(బి) కింద కార్యాలయం ప్రకటించిన సమాచారం నకలు" అని అడిగితే చాలు.

ఎనిమిది మందీ ఒకేసారి దరఖాస్తులు పెట్టొద్దు. ఆ కార్యదర్శి ఒక్కరే పన్ను వసూలు, జనన మరణ నమోదు, పారిశుద్ధ్యం అన్నీ చూస్తుంటారు. ఈ నెల ఒకటి, దాని జవాబు చూశాక ఇంకొకటి.

గడువులు నోటుబుక్కులో రాసుకోండి. దరఖాస్తు చేరిన రోజు నుంచి 30 రోజులు. ఆ తర్వాత ఇచ్చే నకళ్లకు సెక్షన్ 7(6) ప్రకారం డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికి రుసుము లేదు. అప్పీలు ఎవరికి చేయాలో తిరస్కరణ లేఖలోనే రాసి ఉండాలి. లేఖే రాకపోతే కార్యాలయం బోర్డు మీద చూడండి, అక్కడా లేకపోతే ఎంపీడీవో ఆఫీసులో అడగండి. అప్పీలు అధికారి 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలి. ఆపై 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అది నెలలు పడుతుంది కాబట్టి, మొదటి అప్పీలు విచారణకు తప్పకుండా స్వయంగా వెళ్లండి. ఎక్కువ కాగితాలు అక్కడే, ఆ బల్ల దగ్గరే చేతికొస్తాయి. వెళ్లేటప్పుడు ముద్ర వేయించుకున్న రెండో ప్రతి మర్చిపోకండి.